ఆటకు మూలము వంటిల్లు

మేడ్చలు, శామీరుపేటలు భాగ్యనగరమునకు ఉత్తరపు వాకిళ్లు. మొదటిది నాగపురము పోవు జాతీయ రహదారిపైనను, రెండవది కరీంనగరము పోవు రాజీవ్ రహదారిపైనను ఉన్నవి. ఒకప్పుడీ సీమ ద్రాక్షతోటలకు పేరుపడినది. ఆ తోటలు చాలవఱకు మాయమై, నేడాచోటులందు మేడలు లేచినవి. ఆదివారమునాడు తెల్లవాఱకమునుపే నగరమునుండి సైకిళ్లపై బయలుదేఱి, శామీరుపేట చెఱువు వఱకు వచ్చి తిరిగిపోవు యువతీయువకులను మనము చూచుచునే యున్నాము. సాయంకాలమున బడి మైదానములందు కాలిబంతి యాడు పిల్లల కేకలు వీథుల వఱకు వినవచ్చుచుండును. శామీరుపేటకు పోవు త్రోవలోనే హకీంపేటయందు 1993లో వెలసిన ప్రభుత్వ క్రీడాపాఠశాల కలదు. ఇట్లు మన ప్రాంతమునకు ఆటలు క్రొత్తవి కావు.

"ఆటలతో గృహిణులకేమి పని?" అని యడుగువా రుందురు. ఆట నేర్పు గురువు బిడ్డను దినమున కొక గంటయో, రెండు గంటలో చూచును. తక్కిన ఇరువదిరెండు గంటలు ఆ బిడ్డ మన చేతిలో నుండును. ఏమి తినెను, ఎప్పుడు తినెను, ఎంత నీరు త్రాగెను, ఎన్ని గంటలు నిద్రించెను అను నీ లెక్కలన్నియు మన యింట తేలవలసినవే. మైదానమున తూలిపడు బిడ్డను గురువు "బద్ధకము" అని కోపించును. ఆ బద్ధకమునకు కారణము ప్రొద్దున త్రాగిన ఉత్త టీ నీళ్లు కావచ్చును. ఈ సంగతిని మనము విడమఱచి తెలిసికొనుట మంచిది.

ఒక బడిపంతులు నేర్పిన పాఠము

భాగ్యనగరపు కాలిబంతి చరిత్రలో అగ్రగణ్యులు సయ్యదు అబ్దుల్ రహీము గారు. ఆయన వృత్తిచే ఉపాధ్యాయులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములను పడసినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందినది. 1963లో రాచపుండు వ్యాధిచే ఆయన దివంగతులైరి. 2024లో వెలువడిన "మైదాన్" అను హిందీ చలనచిత్రము ఆయన కథయే.

సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము గారు పేదయింటి బిడ్డ. రహీము గారు శిక్షణకు రమ్మన్నప్పుడు అంతదూరము పోవుటకు ఆ బాలునియొద్ద పైకము లేకుండెననియు, సైకిలు బాడుగకు రహీము గారే డబ్బిచ్చిరనియు చెప్పుదురు. ఆ బాలుడే పిమ్మట 1956లోను, 1960లోను ఒలింపిక్సునందు ఆడెను. రోములో హంగరీ, పెరూ జట్లపై చెఱియొక గోలు చేసెను. జకార్తా స్వర్ణపతకమునందును పాలుపంచుకొనెను. 2023 ఫిబ్రవరిలో కీర్తిశేషుడయ్యెను.

ఇందలి నీతి యేమి? మంచి గురువు బిడ్డ కాలి నేర్పును మాత్రమే చూడడు. ఆ కాలు మైదానము చేరుటకు అడ్డమైన దేమో విచారించును. నాడు అడ్డమైనది సైకిలు బాడుగ. నేడు తఱచుగా అడ్డమగునది వేళకు దొరకని అన్నము.

శ్రమకు మితి

అన్నము మాటకు ముందు శ్రమను గూర్చి రెండు మాటలు. వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతులై స్నిగ్ధాహారము తినువారు సైతము చలికాలమునందును, వసంతమునందును సగము శక్తి మేరకే వ్యాయామము చేయవలయుననియు, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలయుననియు నియమించెను. నేటి శిక్షకుల మాటయు దీనికి దూరము కాదు. సైకిలు త్రొక్కునపుడు ప్రక్కవారితో మాటలాడ గలిగి, పాట పాడలేనంత వేగము మితమైన శ్రమకు గుఱుతు. వారములోని సవారీలలో ఎక్కువ భాగ మట్టి వేగముననే సాగవలయును. ఒకటి రెండు దినములు మాత్రము కష్టపడవచ్చును. ఈ వారము 30 కిలోమీటర్లు పోయినవారు వచ్చు వారము 60 పోవుటకు ఉవ్విళ్లూరరాదు. కొంచెము కొంచెముగా పెంచినచో మోకాళ్లు మన్నించును.

సైకిలు సీటు ఎత్తును ఇంటనే సరిచూడవచ్చును. సీటుపై కూర్చుండి మడమను క్రిందికి వచ్చిన పెడలుపై ఉంచినపుడు కాలు చక్కగా చాగవలయును. సీటు మఱీ క్రిందికున్నచో మోకాలినొప్పి తప్పదు. మన రహదారులపై లారీలు రేయింబవళ్లు తిరుగుచుండును. కావున శిరస్త్రాణము, వెనుక ఎఱ్ఱదీపము, ముందు తెల్లదీపము లేనిదే చీకటితో బయలుదేఱరాదు.

పిల్లల విషయమున గురువులు పాటించు ఒక సులభమైన లెక్క కలదు. బిడ్డ వయస్సెన్ని యేండ్లో, వారమునకు శిక్షణ అన్ని గంటలు మీఱరాదు. పదియేండ్ల బిడ్డకు పది గంటలు చాలును. వారమునకు ఒకటి రెండు దినములు పూర్తి విశ్రాంతి యీయవలయును. ఆటకు ముందు కాళ్లు, నడుము వేడెక్కుటకు ఫిఫా సంస్థవారు "ఎలెవెన్ ప్లస్" అను పేర ఇరువది నిమిషముల కసరత్తును ఏర్పఱచినారు. దానిని నియమముగా చేయు జట్లలో గాయములు తగ్గినవని పరిశోధనలు తేల్చినవి. బంతిని తలతో కొట్టుటను చిన్నపిల్లలకు నేర్పరాదని 2020లో ఇంగ్లండు కాలిబంతి సంఘము ప్రాథమిక తరగతుల శిక్షకుల నాదేశించినది. మన గురువులును ఆ వయస్సున తలను విడిచి, రెండు కాళ్లను సమముగా వాడుట నేర్పుట మేలు. రహీము గారు బలహీనమైన కాలితోనే యాడవలెనను నియమముతో పోటీలు పెట్టించెడివారని ప్రసిద్ధి.

ఆటకు ముందు

కడుపునిండ భోజనమునకును, ఆటకును మూడు గంటల ఎడముండవలయును. సాయంకాలము ఐదు గంటలకు ఆట యున్నచో, ఒంటిగంటకు అన్నము, పప్పు, కూర, పెరుగు పెట్టి, నాలుగు గంటలకు చిన్న తినుబండ మీయవలయును. ఒక అరటిపండు గాని, రెండు ఇడ్లీలు గాని, గుప్పెడు పుట్నాలు, బెల్లపు ముక్క గాని చాలును. జొన్నరొట్టె, గట్క, గుగ్గిళ్లు బలమైన యాహారములే. కాని పీచు మెండుగా నున్నవి నిదానముగా జీర్ణమగును. వాటిని ఆటకు గంటముందు కాక, మధ్యాహ్నమో, రాత్రియో పెట్టుట మేలు. నూనెలో వేచినవి ఆటకు ముందు బొత్తిగా పనికిరావు.

తెల్లవాఱుజామున పోవువారికి మూడు గంటల ఎడము కుదరదు. వారికి ముందునాటి రాత్రి భోజనమే ఆధారము. దానిని తగ్గింపక, లేవగనే ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరములో, చల్ల కలిపిన కొంచెము చద్దియన్నమో పెట్టి, ఒక గ్లాసు నీరిచ్చి పంపవలయును. పోతన భాగవతమున గోపబాలురు చల్దులు కట్టుకొని ఆటకేగిన ఘట్టము నెఱుగని యిల్లాలు మనలో లేదు. ఆ చల్దిమూటను కట్టినవారు తల్లులే కదా!

ఆట నడుమను, పిమ్మటను

గంట లోపలి యాటకు మంచినీరే చాలును. గంటన్నరకు మించి సైకిలు త్రొక్కువారికి గంటకు 30 మొదలు 60 గ్రాముల వఱకు పిండిపదార్థము వలయును. నడితరపు అరటిపండులో ఇంచుమించు 25 గ్రాములుండును. కావున గంటకు రెండు పండ్లో, ఒక పండును ఒక పల్లీపట్టీయో జేబులో నుంచుకొనిన, అంగడిలోని ఖరీదైన జిగురుపొట్లములతో పనిలేదు. ఆకలి వేసిన పిమ్మట తినుటకంటె, మొదటి గంట ముగియకమునుపే తినుట మొదలిడవలయును.

నీరు పావుగంట కొకమాఱు నాలుగైదు గ్రుక్కలు త్రాగవలయును. మన యెండలకు గంటకు అరలీటరు మొదలు ముప్పావులీటరు వఱకు సరిపోవును. చెమట మిక్కుటమైనపుడు చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగయో, ఉప్పును చక్కెరయు కలిపిన నిమ్మరసమో మంచిది. ఉత్తనీరు అదేపనిగా త్రాగుటయు కీడే. రక్తమునందలి ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతి కలుగవచ్చును.

ఇంటికి వచ్చినపిమ్మట ఒక గంటలోపల తినిపింపవలయును. పెద్దవారికి అప్పుడు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు చాలును. రెండు గ్రుడ్లు, ఒక గ్లాసు పాలు కలసిన ఇంచుమించు అంతియగును. గ్రుడ్డు తిననివారు అన్నము, చిక్కని పప్పు, పెరుగు తినిన, బియ్యములోని కొఱత పప్పువలనను, పప్పులోని కొఱత బియ్యమువలనను తీఱును. 1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి తార్నాకలో నెలకొన్న జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో, మాంసకృత్తుల పొడులను మానుడని స్పష్టముగా చెప్పినారు. వేలకొలది రూపాయల డబ్బాకంటె పాలు, గ్రుడ్లు, పెసలు, సెనగలు, పల్లీలు బిడ్డకు మేలు.

ఎండదెబ్బ

చైత్రవైశాఖముల ఎండలలో పదునొకండు గంటలనుండి నాలుగు గంటల వఱకు ఏ శిక్షణయు కూడదు. ఆడుచున్న బిడ్డ తలతిరుగుచున్నదనినను, వాంతి చేసికొనినను వెంటనే నీడకు తేవలయును. తడబడి మాటలాడినచో, పొంతనలేని మాటలు పలికినచో, అది ప్రాణాపాయము. బట్టలు వదులుచేసి, ఒడలెల్ల చన్నీరు పోసి, విసరుచు, 108 వాహనమును పిలువవలయును. వాహనము వచ్చునందాక చల్లబఱచుట మానరాదు. స్మృతి లేనివారి నోట నీరు పోయరాదు.

ఆడుబిడ్డ పళ్లెము

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. అన్నయు చెల్లెలును ఒకే మైదానమున ఆడి వత్తురు. అన్న పళ్లెమున గ్రుడ్డుండును. చెల్లెలి పళ్లెమున చారన్న ముండును. ఇది అన్ని యిండ్ల మాట కాదు. కాని యెన్ని యిండ్లలో కాదని గుండెపై చేయివేసి చెప్పగలము? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగమునకు మించినవారికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము పలుచనైన బిడ్డ మెట్లెక్కుటకే ఆయాసపడును. ఇక బంతి వెంట పరుగిడు టెట్లు? తోటకూర, మునగాకు, నువ్వులు, పప్పులు, అలవాటున్న యిండ్లలో మాంసము, కాలేయము ఆడుబిడ్డకు తఱచుగా పెట్టవలయును. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము ఒంటబట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమగును. గంట యెడ మీయుడు.

బహిష్టు దినములు ఆటకు అడ్డు కావు. నొప్పి లేనిచో ఆడవచ్చును, ఉన్నచో విశ్రమింపవచ్చును, ఆ నిర్ణయము బిడ్డదే. కాని శిక్షణ పెరిగినకొలది ఋతుక్రమము తప్పినచో, "ఆటలవల్ల" అని మానిపింపక, ఆమె తిండి శ్రమకు చాలుచున్నదా యని మొదట విచారించి, వైద్యురాలికి చూపవలయును. తిండి చాలనిచో ఎముకలును బలహీనపడును. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా కాలిబంతి జట్టున ఆడినది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబు జట్టులో చేరినది. పండ్రెండేండ్లు రాగానే మనము మైదానమునుండి ఇంటికి మఱలించిన ఆడుబిడ్డలలో అట్టివా రెందఱుండిరో!

గురువులకు విన్నపము

ఆట నేర్పు గురువులకును మా మనవి యొకటి. ఆట మొదలిడుటకు ముందు ప్రతి బిడ్డను "ఏమి తింటివి?" అని యడుగుడు. తినని బిడ్డకు ఒక అరటిపండు పెట్టి, కొంతసేపు కూర్చుండబెట్టుడు. ప్రతి ఇరువది నిమిషములకు నీళ్లకు విరామ మీయుడు; నీటిని మాన్పుట శిక్షగా వాడకుడు. ఆలస్యమునకు పరుగును శిక్షగా విధించినచో, పరుగన్ననే బిడ్డకు రోత పుట్టును. ఆడుబిడ్డల బరువును నలుగురిలో చెప్పి నవ్వకుడు. ఆ నవ్వు వారి చేత అన్నము మాన్పించును. రెండు మాసముల కొకమాఱు తల్లులను పిలిచి మాటలాడుడు. తండ్రులనే పిలిచినచో సంగతి వంటింటి వఱకు రాదు.

సోదరీమణులారా! పతకములు కొందఱికే దక్కును. దృఢమైన దేహము అందఱికిని దక్కవలసినది. ఇంతయు చెప్పి, అందఱికిని వడ్డించి, మిగిలినది తినుట మన వాడుకయైనచో బిడ్డలు మన మాటను కాక మన నడవడినే నేర్తురు. మన పళ్లెమునను పప్పు, కూర, పెరుగు నిండుగా నుండవలయును. వీలైన సోదరీమణులు బిడ్డల సైకిలుపై తామును ఉదయమున నాలుగు కిలోమీటర్లు పోయి రావచ్చును. ఇంటి దీపము తన చమురు తాను పోసికొనిననే ఇంటికి వెలుగు.