తక్కువ మార్కులకు మొదటి బహుమతి

బాలలూ! ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఓడిపోయి, తక్కువ మార్కులు వచ్చినవాళ్లు గెలిచే పోటీ ఎక్కడైనా ఉంటుందా? ఉన్నది. అది ఆటల పోటీ కూడా కాదు, సైన్సు పోటీ! అమెరికా దేశంలో బడిపిల్లలకు జరిగే ఈ పోటీని సైన్స్ ఒలింపియాడ్ అంటారు.

ఒలింపియాడ్ అనగానే మీకు తోచేది వేరు. మన దేశంలో సాధారణంగా ఆ పేరుతో జరిగే పరీక్షలలో ఎవరికి వారే కూర్చుని, ఎవరి కాగితం వారే రాసి వస్తారు. ఇది అట్లాంటిది కాదు. ఇందులో బడి తరఫున ఒక జట్టు వెళుతుంది. జట్టులో 15 మంది దాకా ఉండవచ్చు. మిషిగన్ రాష్ట్రానికి చెందిన జెరార్డ్ పుట్జ్, డెలవేరు రాష్ట్రానికి చెందిన జాక్ కెయిర్న్స్ అనే ఇద్దరు పూనుకుని దీనిని దేశమంతటా వ్యాపింపజేశారు. మొదటి జాతీయ పోటీ 1985లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు కూడా ఈ జట్లలో ఉంటున్నారు.

పోటీలో మొత్తం 23 అంశాలు. నక్షత్రాలను గురించి ఒకటి, రాళ్లూ ఖనిజాలూ గుర్తుపట్టటం ఒకటి, ఊళ్లో రోగం ఎట్లా పాకిందో ఆరా తీయటం ఒకటి, రహస్యలిపి చదవటం ఒకటి, రబ్బరుతో తిరిగే బుల్లి విమానం ఎగరేయటం ఒకటి — ఈ విధంగా ఉంటాయి. ఏటేటా కొన్ని మారుతుంటాయి. ఒక్కొక్క అంశానికి సాధారణంగా ఇద్దరు చొప్పున వెళ్లాలి. ఇక్కడ మీరే లెక్క వేయండి. 23 అంశాలకు ఇద్దరేసి అంటే 46 చోట్లు. ఉన్నది 15 మంది. అందరూ మూడేసి అంశాలు నెత్తిన వేసుకున్నా, ఇంకా ఒక చోటు ఖాళీగానే ఉంటుంది!

ఇక మార్కుల సంగతి. ఒక అంశంలో మొదట వచ్చిన జట్టుకు 1, రెండవదానికి 2, నలభయ్యవదానికి 40. అన్ని అంశాలలోనూ వచ్చిన స్థానాలను కూడుతారు. ఎవరి మొత్తం తక్కువైతే వారిదే గెలుపు.

ఇందులో ఉన్న మెలిక చూడండి. 40 జట్లు పోటీపడుతున్నాయనుకోండి. ఒక జట్టు 20 అంశాలలో మొదటి స్థానం కొట్టింది. మిగిలిన మూడింటిని పట్టించుకోక ఆఖరున నిలిచింది. దాని మొత్తం 20కి 120 కలిపితే 140. ఇంకొక జట్టుకు ఒక్క మొదటి స్థానం కూడా రాలేదు. 23 అంశాలలోనూ ఆరవ స్థానమే. దాని మొత్తం 138. గెలిచింది ఈ రెండవ జట్టు! మూడు చోట్ల చేసిన అశ్రద్ధ ఇరవై విజయాలను మింగేసింది. బడిలో ఇద్దరు ముగ్గురు తెలివైనవాళ్లను ముందుకు తోసి, వాళ్ల పేరుతో బడి పేరు నిలబెట్టుకోవటం మా ఉపాధ్యాయులకు పాత అలవాటు. ఈ పోటీలో ఆ పప్పులు ఉడకవు.

మరి జట్లు ఏ అంశాలను అశ్రద్ధ చేస్తాయి? "ఇదేం సైన్సు!" అనిపించేవాటిని. అట్లాంటిది ఒకటి చెబుతాను. దానికి ‘రాయి-చెయ్యి’ అని మనం పేరు పెట్టుకుందాం. (రాయి అంటే గులకరాయి కాదు, రాయటం!)

జట్టులోని ఇద్దరిలో ఒకరిని ఒక గదిలోకి పంపుతారు. అక్కడ బల్ల మీద ఒక వింత వస్తువు ఉంటుంది. పుల్లలు, గుండీలు, సీసా మూతలు, తీగలు మొదలైనవి కలిపి చేసినది. అది దేనికీ పనికిరాదు, దేనిలాగానూ ఉండదు. దానిని చూస్తూ, ఎట్లా తయారుచేయాలో 25 నిమిషాలలో మాటల్లో రాయాలి. బొమ్మ గీయకూడదు. ఆ కాగితం రెండవ గదిలో ఉన్న జతగాడికి చేరుతుంది. అతని ముందు విడి సామాను ఉంటుంది. వస్తువును అతడు చూడలేదు. కాగితం చదువుకుంటూ 20 నిమిషాలలో దానిని కట్టాలి. ప్రతి ముక్కా సరిగ్గా దాని చోట ఉంటేనే మార్కు.

ఇదేమంత కష్టం అంటారా? "మూత మీద పుల్ల పెట్టు, పక్కన ఎర్ర గుండీ అతికించు" అని రాశారనుకోండి. మూత బోర్లించాలా, వెల్లకిలా ఉంచాలా? పుల్ల నిలువుగానా, అడ్డంగానా? పక్కన అంటే ఏ పక్కన? మూతకు పక్కనా, పుల్లకు పక్కనా? రాసేవాడికి వస్తువు కళ్లెదుట ఉన్నది కనుక ఈ అనుమానాలు ఒక్కటీ రావు. చదివేవాడికి అన్నీ వస్తాయి. అందుకని మంచి జతగాళ్లు ముందుగానే ఒక కట్టుబాటు చేసుకుంటారు. నీలం మూతను గడియారం ముఖం అనుకుందాం, 12 నా వైపు కాక అవతలి వైపున ఉన్నది అనుకుందాం అని. అప్పుడు "3 దగ్గర ఎర్ర గుండీ, రంధ్రాలు పైకి" అంటే చాలు, తప్పటానికి వీలులేదు.

సైన్సు పుస్తకంలోని ఏ పాఠమూ దీనికి అక్కరలేదు. కాని ఒక శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగాన్ని సముద్రం అవతల ఇంకొక శాస్త్రజ్ఞుడు తిరిగి చేసి చూసేది ఇట్లాంటి కాగితం ఆధారంతోనే గదా! తల్లిదండ్రులు ఈ ఆటను ఇంట్లో అన్నాచెల్లెళ్ల చేత ఆడించి చూడవచ్చు. పది అగ్గిపుల్లలూ నాలుగు గుండీలూ ఉంటే సరి. మొదటిసారి తగాదా తప్పదు.

మరొక అంశం కట్టడం. ఒక ఏడు గోపురం, ఒక ఏడు వంతెన. బాల్సా వంటి తేలికైన కర్రపుల్లలను బంకతో అతికించి పిల్లలు ముందుగానే కట్టి తెస్తారు. పోటీనాడు దానికి ఒక బాల్చీ వేలాడదీసి, మెల్లమెల్లగా ఇసుక పోస్తారు. సాధారణంగా 15 కిలోలు హద్దు. ఎంత మోసింది అన్నది ఒక్కటే చూడరు. మోసిన బరువును కట్టడం సొంత బరువుతో భాగిస్తారు. 10 గ్రాముల గోపురం 15 కిలోలు మోస్తే 1,500. 20 గ్రాముల గోపురం అంతే బరువు మోస్తే 750 మాత్రమే. కనుక ప్రతి పుల్లనూ "నువ్వు లేకపోతే ఏమవుతుంది?" అని ప్రశ్నించవలసిందే. మధ్యలో ఫెళ్లుమని విరిగితే, అప్పటిదాకా మోసినదే లెక్క. నెలల తరబడి చేసిన పని కళ్లముందు ముక్కలవుతుంటే చూస్తూ నిలబడాలి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకునే నిలబడాలి!

ఆ పుల్లలు ఎక్కువగా త్రికోణాలుగా ఎందుకుంటాయో మీరే చూడవచ్చు. నాలుగు చీపురుపుల్లల కొసలు దారంతో కట్టి చదరం చేయండి. ఒక మూల నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రికోణం చేసి నొక్కండి. పుల్ల విరగాలే గాని, ఆకారం మారదు.

కొన్ని ఏళ్లలో పెద్ద తరగతుల వారికి ఫెర్మీ ప్రశ్నలు అనే అంశం ఉండేది. ఎన్రికో ఫెర్మీ ఇటలీలో పుట్టిన భౌతిక శాస్త్రజ్ఞుడు, 1938లో నోబెల్ బహుమతి పొందాడు. 1945 జూలై 16న అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించారు. అట్లాంటి బాంబులు ఆ తరవాత జపానులో ఎంత ఘోరం చేశాయో మీ పెద్దలు చెబుతారు. ఆ పరీక్షకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఫెర్మీ ఉన్నాడు. పేలుడు గాలి తనను చేరే వేళకు చేతిలోని కాగితం ముక్కలు జారవిడిచాడు. అవి దాదాపు రెండున్నర మీటర్లు పక్కకు వెళ్లి పడ్డాయి. దానిని బట్టి, పేలుడు పది వేల టన్నుల టి.ఎన్.టి. అంతటిదని అంచనా కట్టాడు. అసలు బలం దానికి రెట్టింపు, ఇంకా కాస్త ఎక్కువ. కాగితం ముక్కలతో అంత దగ్గరికి రావటం సామాన్యమా!

ఈ అంశంలో సరిగ్గా ఎంత అని అడగరు. అంకె ఎంత పెద్దదో, అంటే ఒకటి పక్కన ఎన్ని సున్నాలో చెబితే చాలు. 25 కిలోల బియ్యం బస్తాలో ఎన్ని గింజలు? వంద గింజలు సుమారు 2 గ్రాములు తూగుతాయనుకుందాం. బస్తా 25,000 గ్రాములు. అంటే పన్నెండున్నర లక్షల గింజలు. సన్నబియ్యమైతే పదహారు పదిహేడు లక్షలు కావచ్చు. ఏదైనా కోటి కంటె పది లక్షలకే దగ్గర. జవాబు ఆరు సున్నాలు.

ఇక మీ వంతు. మీ ఇంట్లో బిందె నిండటానికి ఎన్ని నీటిచుక్కలు కావాలి? చెంచాకు ఎన్ని చుక్కలు, గ్లాసుకు ఎన్ని చెంచాలు, బిందెకు ఎన్ని గ్లాసులు — ఈ మూడూ తెలిస్తే చాలు. ముందు అంచనా కాగితం మీద రాసిపెట్టుకుని, తరవాత చెంచా పట్టుకోండి.