కార్డుంటే ఓటున్నట్టేనా?

మా పెద్దమ్మ ఓటరు కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంటుంది. 2020 జనవరి 22న తెలంగాణలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు ఆ కవరు పట్టుకుని పొద్దున్నే వీధి చివరి బడికి వెళ్లింది. ఏళ్ల తరబడి ఓటేస్తున్న బడి అది. జాబితాలో పేరు లేదన్నారు. ‘‘కార్డున్నది గదా బిడ్డా, పేరెట్ల లేదు?’’ అని రెండుసార్లు తీసి చూపించింది. పేరు రోడ్డవతలి వార్డు జాబితాలో ఉందని తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది. ఒకే ఇంట్లో ఉండే కొడుకూ కోడలూ ఈ వార్డు ఓటర్లు, ఆమె ఆ వార్డు ఓటరు. మోకాళ్ల నొప్పితో ఆ వార్డు బూత్ దాకా నడవలేక ఇంటికి వచ్చేసింది.

కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేననేది పట్టణాల్లో అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచుతున్న అపోహ. కార్డు మనమెవరో చెబుతుంది, అంతే. ఓటు హక్కు ఉండేది జాబితాలో. జాబితాలో పేరుండి కార్డు పోయినా ఓటేయొచ్చు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చూపిస్తే చాలు. జాబితాలో పేరు లేకపోతే మాత్రం ఎంత పాత కార్డైనా పనికిరాదు.

మున్సిపల్ ఎన్నికలకు ఓటు వేరేగా నమోదు చేసుకోవాలని ఇంకో నమ్మకం. అదేం లేదు. ఈ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు. కానీ జాబితా మాత్రం అసెంబ్లీ ఓటర్ల జాబితాయే. మున్సిపల్ సిబ్బంది దాన్ని ఇంటి నంబర్ల ప్రకారం వార్డులవారీగా విడగొడతారు. చిక్కంతా ఇక్కడే. పాత ఇంటి నంబరు ఒకటి, కొత్తది ఒకటి, అద్దెకున్నవాళ్లకు మూడోది. నంబరులో ఒక్క అంకె తేడా వస్తే మనిషి పక్క వార్డులో పడతాడు. అందుకే ముందు ముసాయిదా జాబితా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. మున్సిపల్ ఆఫీసు గోడకు ఆ కాగితాలు అంటించినప్పుడు వెళ్లి, ఇంట్లో అందరి పేర్లూ ఒకే వార్డులో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో ఇచ్చే ఒక తెల్లకాగితం అర్జీకి ఉన్న విలువ, పోలింగ్ రోజున పెట్టే గొడవకు ఉండదు. మా ఇంట్లో ఆ పని ఎవరం చేయలేదు. నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటు దానంతటదే వస్తుందనుకునే పిల్లలు చాలామంది. ఫారం 6 నింపితేనే వస్తుంది. ఒకప్పుడు వయసు లెక్కకు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. 2022 ఆగస్టు నుంచి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 కూడా లెక్కలోకి వచ్చాయి. పదిహేడేళ్లు దాటినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఏ ఎన్నికకు ఏ జాబితా వాడతారన్నది కూడా చూసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాతోనే జరిగాయి. ఆలోగా పద్దెనిమిది నిండినవాళ్లకు ఓటు లేకుండా పోయింది. ఒక విద్యార్థిని దీనిపై హైకోర్టు దాకా వెళ్లింది.

‘‘ఊళ్లో ఒకటి, పట్నంలో ఒకటి ఉంటే తప్పేంటి?’’ అని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. తప్పే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండు చోట్ల పేరు ఉండకూడదు. తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఊళ్లో సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు రాదు. మామూలుగా ఎక్కడ కాపురముంటే అక్కడే. ఇల్లు మారితే ఫారం 8 ఇస్తే ఓటూ మారుతుంది.

ఒకసారి ఓటేయకపోతే పేరు తీసేస్తారన్నది ఉత్తమాట. చనిపోయినా, ఇల్లు మారినా, రెండుచోట్ల నమోదైనా తీసేస్తారు. బతికున్న ఓటరుకైతే ముందు నోటీసు ఇవ్వాలి. నిజమే, 2018 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో ఎందరివో పేర్లు గల్లంతయ్యాయి. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా జాబితాలో కనిపించలేదు. అందుకే అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండాలి. 1950 హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు.

మనం మున్సిపల్ చైర్మన్‌కు ఓటేస్తున్నామనేది కూడా పొరపాటే. మనం ఎన్నుకునేది వార్డు కౌన్సిలర్‌ను. చైర్మన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా ఆ ఓటింగ్‌లో పాల్గొంటారు. 2020లో తుక్కుగూడలో ఎక్కువ వార్డులు బీజేపీ గెలిచినా, ఎక్స్ అఫీషియో ఓట్ల బలంతో చైర్మన్ పదవి టీఆర్‌ఎస్‌కు దక్కింది.

ఆ ఎన్నికల్లో ఈవీఎంలు లేవు, బ్యాలెట్ పత్రాలే. మడతపెడితే సిరా అవతలి గుర్తుకు అంటుకుని ఓటు చెల్లకుండా పోతుందని చాలామంది భయపడ్డారు. స్వస్తిక్ ముద్ర వాడేది అందుకే. అంటుకున్న మరక అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, అసలు ముద్ర ఏదో లెక్కించేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక మన ఓటు వేరెవరో వేసేశారంటే చాలామంది తిట్టుకుంటూ వెనక్కి వచ్చేస్తారు. రావద్దు. టెండర్ ఓటు అడగండి. గుర్తింపు రుజువైతే ప్రిసైడింగ్ అధికారి వేరే బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడి కవర్లో పెడతారు. లెక్కింపులో దాన్ని కలపరు. కానీ మీ పేరూ సంతకమూ రికార్డులో ఉంటాయి. నాలుగైదు ఓట్ల తేడాతో తేలే వార్డులు చిన్న పట్టణాల్లో ఉంటూనే ఉంటాయి. అలాంటి వార్డుపై కేసు పడితే కోర్టు తెరిపించి చూసేది ఆ కవరునే.