జలవిద్యుత్ టర్బైను స్థిరత్వము

జలవిద్యుత్ టర్బైను స్థిరత్వము అనగా నీటి ప్రవాహము గాని, విద్యుత్తు వాడకము గాని మారినప్పుడు టర్బైను హానికరమైన కంపనములకు లోను కాకుండా, నియమిత వేగముతో తిరుగుతూ విద్యుత్తును అందించగల సామర్థ్యము. సౌర, పవన విద్యుత్తుల వాటా పెరుగుతున్న కొద్దీ ఈ విషయమునకు ప్రాముఖ్యత పెరిగినది. ఎండ, గాలి మనిషి అదుపులో ఉండవు. వాటి హెచ్చుతగ్గులను సరిదిద్దే భారములో పెద్ద భాగము జల టర్బైనులపై పడుతున్నది. కాని ఆ టర్బైనులలో అనేకము ఇటువంటి పని కొరకు రూపొందించబడినవి కావు.

నేపథ్యము

నల్లమాడ మండలము 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మి.మీ. మాత్రమే. తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నడిచే పెన్నఅహోబిలం జలవిద్యుత్ కేంద్రము సామర్థ్యము 20 మెగావాట్లు. ఎండకు, గాలికి మాత్రము ఇక్కడ కొదవ లేదు. రామగిరి కొండలపై 1990లలోనే గాలిమరలు వెలసినవి. కదిరికి ఆవలనున్న నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యముతో సౌర పార్కు తలపెట్టబడినది. అందులో ఎన్‌టీపీసీ వారి మొదటి 250 మెగావాట్లు 2016లో అందుబాటులోకి వచ్చినవి.

ఈ మెట్ట ప్రాంతములో మబ్బు పట్టి సౌర ఉత్పత్తి తగ్గినప్పుడు, ఆ లోటును గ్రిడ్డు ద్వారా ఎక్కడో దూరముననున్న యంత్రములు పూరించవలెను. శ్రీశైలము, నాగార్జునసాగరము వంటి కేంద్రములలోని జల టర్బైనులు ఇందుకు అనువైనవి.

గ్రిడ్డులో టర్బైను పాత్ర

విద్యుత్తు ఉత్పత్తి, వాడకము ప్రతి క్షణము సమానముగా ఉండవలెను. వాడకము ఎక్కువైతే జనరేటర్ల వేగము తగ్గి, గ్రిడ్డు పౌనఃపున్యము 50 హెర్ట్‌జ్‌ల కంటె దిగువకు జారును. భారీ జనరేటర్ల జడత్వము ఈ పతనమును కొంత నెమ్మదింపజేయును. సౌర ఫలకములలో తిరిగే బరువు ఏదియు లేనందున ఆ జడత్వము ఉండదు.

వేగములోని మార్పును గవర్నరు అనే పరికరము గుర్తించి, గైడ్ వేనులు అనబడే రెక్కలను తెరచి లేదా మూసి నీటిని సరిచేయును. ఇది తొందరపడి చేయదగిన పని కాదు. రెక్కలు తెరచిన వెంటనే, గొట్టములోని నీరు వేగము పుంజుకొను లోపల, శక్తి పెరుగుటకు బదులు క్షణకాలము తగ్గును. హఠాత్తుగా మూసినచో గొట్టములో పీడనము ప్రమాదకరముగా పెరుగును.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశవ్యాప్తముగా 9 నిమిషముల పాటు దీపములు ఆర్పినప్పుడు, వాడకము కొద్ది నిమిషములలో సుమారు 31 వేల మెగావాట్లు తగ్గినది. ముందుగా వేసుకొన్న పథకము ప్రకారము జలవిద్యుత్తును 17 వేల మెగావాట్లకు పైగా తగ్గించి, దీపములు వెలిగిన పిదప తిరిగి పెంచినందున గ్రిడ్డు నిలిచినది.

అస్థిరతకు కారణములు

ఫ్రాన్సిస్ టర్బైను తన ఉత్తమ ఉత్పత్తి స్థాయిలో ఉన్నప్పుడు నీరు రన్నరు నుండి దాదాపు తిన్నగా దిగువకు పోవును. సుమారు 40 నుండి 70 శాతము భారముతో నడిపినప్పుడు నీరు మెలి తిరుగుతూ వెలువడి, దిగువనున్న డ్రాఫ్ట్ ట్యూబులో తాడు వంటి సుడి ఏర్పడును. ఆ సుడి టర్బైను వేగములో సుమారు 0.2 నుండి 0.4 వంతు వేగముతో తిరుగుతూ పీడనమును ఊగించును. ఈ ఊపు నీటి గొట్టపు సహజ పౌనఃపున్యముతో కలిసినచో అనునాదము ఏర్పడి, ఉత్పత్తి కూడా ఊగిసలాడును. కాలక్రమమున లోహము అలసి పగుళ్ళు వచ్చును.

2009 ఆగస్టు 17న రష్యాలోని సయానో-షుషెన్‌స్కాయా కేంద్రములో 2వ యూనిట్ పైమూతను పట్టి ఉంచిన బోల్టులు తెగి, నీరు యంత్రశాలను ముంచెత్తగా 75 మంది మరణించిరి. ఆ యూనిట్ గ్రిడ్డు హెచ్చుతగ్గులను సర్దుటకై భారము మార్చుకొనుచు, నిషిద్ధ కంపన మండలమును పదే పదే దాటినది. గ్రిడ్డు స్థిరత్వము కొరకు యంత్ర స్థిరత్వమును బలి చేయరాదని ఈ ప్రమాదము చాటినది.

మెరుగుపరచు పద్ధతులు

* డ్రాఫ్ట్ ట్యూబులోనికి గాలిని పంపి సుడి తీవ్రతను తగ్గించుట. గోడలకు పలకలు అమర్చుట.
* ఎక్కువ కంపనములు గల భార మండలమును గుర్తించి, అందులో నిలువకుండా త్వరగా దాటుట.
* అన్ని యూనిట్లను సగము భారముతో నడుపుటకు బదులు, కొన్నింటిని ఆపి మిగిలినవి ఉత్తమ స్థాయిలో నడుపుట.
* కంపనములను ఎడతెగక కొలిచి, హద్దు మీరినచో యంత్రమును ఆపుట.
* టర్బైను వేగమును కొంతమేర మార్చుకొను ఏర్పాటు చేయుట. 1990లో జపాన్‌లోని యాగిసావా కేంద్రములో ఇది మొదలైనది. భారతదేశములో తెహ్రీ పంప్డ్ స్టోరేజి కేంద్రములో, 250 మెగావాట్ల యూనిట్లతో, 2025లో ఆచరణలోకి వచ్చినది.

తెలుగు రాష్ట్రములలో

శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు 6, నాగార్జునసాగరములో 100.8 మెగావాట్ల యూనిట్లు 7 రివర్సిబుల్ రకమునకు చెందినవి. ఇవి విద్యుత్తు మిగులుగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, కొరత సమయమున ఉత్పత్తి చేయగలవు. అయితే ఇవి స్థిర వేగపు యంత్రములు. నీటిని తోడునప్పుడు తీసుకొను విద్యుత్తును మబ్బు నీడకు తగినట్లు హెచ్చించుటకు, తగ్గించుటకు వీలుండదు.

పిన్నాపురము వద్ద 1,680 మెగావాట్ల పథకమునకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఇందులో నదికి దూరముగా ఉన్న రెండు జలాశయముల నడుమ అదే నీటిని పైకి, క్రిందికి త్రిప్పుదురు. పుట్టపర్తి మీదుగా పారే చిత్రావతిపై గల జలాశయము వద్ద కూడా 500 మెగావాట్ల పథకము ప్రతిపాదించబడినది.

పరిమితులు

తోడుటకు ఖర్చయిన విద్యుత్తులో సుమారు 20 నుండి 25 శాతము తిరిగి రాదు. ఈ పద్ధతిలో నీరు ఖర్చు కాకపోయినను ఆవిరి రూపమున కొంత పోవును. కరవు సీమలో ఆ కొంత కూడా లెక్కించదగినదే. సాగునీరు, త్రాగునీరు అవసరములు ముందు తీరవలసి ఉండుటచే, టర్బైనును ఎప్పుడు నడపవలెనో గ్రిడ్డు ఒక్కటే నిర్ణయించజాలదు.

ఇవి కూడా చూడండి

* నల్లమాడ
* నంబులపూలకుంట
* శ్రీశైలం ప్రాజెక్టు
* నాగార్జునసాగర్