చీనా క్రియ - కాలము

చీనా భాషలో క్రియకు కాలప్రత్యయాలు లేవు. అందుచేత కొత్తగా నేర్చేవారు క్రియ వెంట వచ్చే ‘లె’ అనే అవ్యయాన్ని భూతకాల చిహ్నంగా భ్రమిస్తారు. నిజానికి అది పని ముగియడాన్ని మాత్రమే తెలుపుతుంది. ‘రేపు అన్నం తిని వెళతాను’ అనేందుకు చీనీయులు తినే క్రియకు ‘లె’ చేరుస్తారు. మన ‘తిని’ అనే క్త్వార్థకమూ అటువంటిదే: అది పూర్వక్రియ ముగింపునే చెబుతుంది, కాలాన్ని నిర్ణయించేది ‘వెళతాను’. కనుక తెలుగువారికి ఈ చిక్కు విప్పే సాధనం తమ వ్యాకరణంలోనే ఉంది.

వాక్యాంతంలోని ‘లె’ కొత్తగా ఏర్పడిన స్థితిని సూచిస్తుంది. ‘శ్యా యూ లె’ అంటే సాధారణంగా వాన మొదలైందని భావం; కురిసి వెలిసిందని కాదు. ఈ భేదం ఎరుగని అనువాదకుని చేతిలో మూలంలో కురుస్తున్న వాన తెలుగులో వెలిసిపోతుంది.