నోరు విప్పించే పువ్వులు

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌కి ఒకరోజు గుడి ఆవరణలో రాలిన నాగమల్లి పువ్వు పట్టుకెళ్లాను. బల్ల మీద పెట్టి, దీన్ని చూస్తే ఏం గుర్తొస్తోందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. హాజరు పలకడానికి తప్ప నోరెత్తని ఓ అమ్మాయి వెనక బెంచీ లోంచి లేచి వచ్చింది. పువ్వును అటూ ఇటూ తిప్పి చూసి, "స్నేక్... అంబ్రెల్లా" అంది. కాసేపాగి, "పడగని ఇంగ్లీషులో ఏమంటారు సార్?" అని అడిగింది. హుడ్ అంటారని చెప్పాను. బోర్డు మీద రాయలేదు, నోట్సు చెప్పలేదు. అయినా ఆ మాట ఆ క్లాసులో ఎవరూ మర్చిపోలేదు.

ఒక మాట లేక ఇబ్బంది పడినవాడికే ఆ మాట విలువ తెలుస్తుంది. ఆ ఇబ్బంది తెచ్చిపెట్టడంలో వింత పువ్వును మించింది నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ నాగమల్లి సంగతే చూడండి. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వులు కొమ్మల చివర కాకుండా మాను మీదే గుత్తులుగా పూస్తాయి. లోపల చిన్న లింగం, దాని మీద వంగిన పడగ మనకు కనిపించాయి కాబట్టి నాగమల్లి అన్నాం, శివాలయాల్లో నాటుకున్నాం. ఇంగ్లీషువాళ్ల కళ్లు కాయ మీద పడ్డాయి. బరువుగా, గుండ్రంగా, గోధుమరంగులో ఉండే ఆ కాయలు వాళ్లకు ఫిరంగి గుండ్లలా తోచాయి. అందుకే క్యానన్‌బాల్ ట్రీ అన్నారు. రెండు పేర్లలో ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పమంటే చాలు, ఆ పీరియడ్ గడిచిపోతుంది.

'అన్నిటికన్నా పెద్ద' అనే సూపర్లేటివ్ డిగ్రీ నేర్పాలంటే ప్రపంచంలో పెద్ద పువ్వు ఏదని అడగాలి. పిల్లలు తేలిగ్గా ఒప్పుకోరు, ఎందుకంటే దానికి మూడు జవాబులున్నాయి. విడి పువ్వుల్లో పెద్దది రఫ్లీషియా. సుమత్రా, బోర్నియో అడవుల్లో నేల మీద ఎర్రగా, తెల్లటి మచ్చలతో విచ్చుకుంటుంది. మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. ఆకు లేదు, కాండం లేదు, వేరూ లేదు. ద్రాక్ష కుటుంబానికి చెందిన ఒక తీగ లోపల సన్నటి పోగుల్లా బతుకుతూ, పూసేటప్పుడు మాత్రం బయటికొస్తుంది. మొగ్గ ఎదగడానికి నెలలు పడుతుంది. పువ్వు మాత్రం వారం రోజులకు మించి నిలవడం అరుదు. కుళ్లిన మాంసం కంపు కొడుతుంది, ఆ కంపుకే ఈగలు వచ్చి పుప్పొడి మోస్తాయి. 1818లో జోసెఫ్ ఆర్నాల్డ్ అనే వైద్యుడు సుమత్రాలో దీన్ని చూశాడు. ఆ ప్రయాణానికి నాయకుడైన స్టాంఫర్డ్ రాఫిల్స్ పేరే పువ్వుకు వచ్చింది.

రెండో జవాబు టైటన్ ఆరం. ఇదీ సుమత్రాదే. ఇది ఒక్క పువ్వు కాదు, వందల చిన్న పువ్వులు మోసే కంకి. కొమ్మల్లేని పూగుత్తుల్లో ఇదే పెద్దది, మూడు మీటర్ల ఎత్తు లేస్తుంది. పూసిన రాత్రి ఆ కంకి మన ఒంటి వేడికి దగ్గరగా వేడెక్కి, కంపును దూరదూరాలకు పంపుతుంది. ఇంత దూరపు పువ్వు గురించి చెబుతుంటే మా క్లాసులో ఒకడు చెయ్యెత్తాడు. "సార్, మా కంద పువ్వు... సేమ్ స్మెల్!" వాడు చెప్పింది అక్షరాలా నిజం. మనం బచ్చలితో కలిపి కూర వండుకునే కంద, ఆ టైటన్ ఆరం ఒకే ప్రజాతివి. కంద పూసినప్పుడు ముదురు ఊదారంగులో ముడతలు పడి, అలాగే కుళ్లు వాసన వేస్తుంది. కంద తోట ఉన్న ఇంటి పిల్లవాడు ఆ రోజు క్లాసుకంతటికీ గురువయ్యాడు. వచ్చీరాని ఇంగ్లీషులోనే పది నిమిషాలు మాట్లాడాడు.

మూడో జవాబు తాళపత్రాలకు ఆకునిచ్చిన శ్రీతాళం. కొమ్మలున్న పూగుత్తుల్లో ఇదే పెద్దది, ఆరు నుంచి ఎనిమిది మీటర్లు. ముప్పై నుంచి ఎనభై ఏళ్లు బతికి, ఒక్కసారే నెత్తిన లక్షల పువ్వులు పూసి, కాయలు పండాక చనిపోతుంది. ఒకే చెట్టు జీవితంలో 'వన్స్' అన్న మాటకు ఇంత బరువు మరో ఉదాహరణలో నాకు దొరకలేదు.

చిన్నదంటే వోల్ఫియా. నిలవ నీటి మీద ఆకుపచ్చ రవ్వ చల్లినట్టుంటుంది. మొక్క మొత్తమే మిల్లీమీటరు లోపు, ఇక పువ్వు సంగతి చెప్పేదేముంది!

వేగంలో రికార్డు మల్బరీది. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు అది పురుగుల మేత మాత్రమే. దాని పువ్వు విచ్చుకునేటప్పుడు వంగి ఉన్న కేసరం స్ప్రింగులా తెరుచుకుని పుప్పొడిని విసురుతుంది. ఆ వేగం ధ్వని వేగంలో సగానికి పైనే.

చంద్రకాంతను ఇంగ్లీషులో ఫోర్ ఓ క్లాక్ ఫ్లవర్ అంటారు. మనం చంద్రుణ్ని తలచుకున్నాం, వాళ్లు గడియారం చూశారు. ఈ పేరు చెప్పగానే ఒక పిల్ల లేచి, "నాట్ ఫోర్ సార్, ఫైవ్ థర్టీ" అంది. వాళ్లింటి పెరటి లెక్క అది. కాదన్నవాళ్లు మర్నాడు టైము రాసుకొచ్చారు.

కౌరవ పాండవుల పువ్వుతో మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. చుట్టూ ఉన్న సన్నటి పోగులు నూరుగురు కౌరవులని, నడుమ ఐదు పాండవులని, పైన మూడు త్రిమూర్తులని మనం చెప్పుకుంటాం. అదే పువ్వులో క్రైస్తవ ప్రచారకులు క్రీస్తు ముళ్లకిరీటాన్ని, ఐదు గాయాలను, మూడు మేకులను చూశారు. అందుకే అది ప్యాషన్ ఫ్లవర్. ఇక్కడ ప్యాషన్ అంటే మోహం కాదు, క్రీస్తు పడ్డ బాధ. ఈ తేడా డిక్షనరీ చూసి నేర్చుకున్నవాళ్ల కన్నా పువ్వు చూసి నేర్చుకున్నవాళ్లకే బాగా నాటుతుంది. రెండు కథలూ వేర్వేరు ఇళ్ల పిల్లల చేత చెప్పించండి, ఒకరి కథ ఒకరు శ్రద్ధగా వింటారు.

పై తరగతులకైతే మడగాస్కర్ ఆర్కిడ్ కథ. 1862లో చార్లెస్ డార్విన్ ఆ తెల్ల పువ్వును చూశాడు. దాని వెనక దాదాపు 30 సెంటీమీటర్ల గొట్టం, తేనె మాత్రం అడుగున. అంత పొడుగు తొండమున్న చిమ్మట ఒకటి ఉండే తీరాలని అన్నాడు. ఆయన 1882లో పోయాడు. ఆ చిమ్మటను శాస్త్రవేత్తలు వర్ణించింది 1903లో. 'మస్ట్ బీ' అనే ప్రయోగం నేర్పడానికి నేను వేరే ఉదాహరణ వెతకడం మానేశాను.

భవిష్యత్కాలానికి నీలకురింజి ఉంది. మున్నార్ కొండల మీద పన్నెండేళ్లకోసారి పూసి, కొండంతా నీలమై, విత్తనమిచ్చి చచ్చిపోతుంది. 2006లో పూసింది, 2018లో పూసింది. వచ్చే పూతకి నీకెన్నేళ్లు, ఎక్కడుంటావు, ఎవరితో వెళ్లి చూస్తావు అని అడిగి చూడండి. తొమ్మిదో తరగతి పిల్లలు వేళ్ల మీద లెక్కవేసుకుని 'ఐ విల్' అని మొదలుపెడతారు. ఆ పూత 2030లో.