పసిబిడ్డ దాహం

హజ్, ఉమ్రా చేసే ప్రతి విశ్వాసీ సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడుస్తాడు. ఆ సయీకి మూలం ఒక పసిబిడ్డ దాహం. తోలుసంచిలోని నీరు అయిపోయి ఇస్మాయీల్ (అలైహిస్సలాం) తల్లడిల్లుతుంటే హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అల్లాహ్ తమను విడిచిపెట్టడన్న పరిపూర్ణ విశ్వాసం ఉండి కూడా ఆమె పరుగెత్తారు. జమ్‌జమ్ ఆ తర్వాత వచ్చింది.

ఈ వృత్తాంతాన్ని ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధించిన నేనే ఒకసారి దాని భావాన్ని మరచిపోయాను. ఒక వేసవిలో, అసర్ నమాజు తర్వాత, పది నెలల బాబును ఎత్తుకుని ఒక సోదరి మదరసాకు వచ్చింది. రెండు రోజులుగా విరేచనాలు, వాంతులు. “పాలు పడితే ఎక్కువవుతాయని మా అత్తగారు మాన్పించారు మౌలానా సాబ్, కాస్త దమ్ చేయండి” అంది. దుఆ చదివి ఊది పంపించాను. బాబు ఏడుస్తున్నా కంట చుక్క నీరు లేదు. అది గమనించాను గాని, దాని అర్థం నాకు తెలియలేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. అల్‌హందులిల్లాహ్, బాబు బ్రతికాడు.

మరునాడు పరామర్శకు వెళ్ళినప్పుడు వైద్యుడు నాకు చెప్పినవి ప్రతి తల్లీ కంఠస్థం చేయదగినవి. కన్నీరు లేని ఏడుపు, ఎండిన నోరు, లోపలికి పోయిన కళ్ళు, నడినెత్తిన మాడు గుంటపడడం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం. పొట్ట మీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. ముడతగా నిలిచిందంటే ఒంట్లో నీరు తగ్గినట్లే. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, విరేచనంలో రక్తం కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రెండు నెలలు నిండని బిడ్డ అయితే ఈ లక్షణాల కోసం ఎదురుచూడనే కూడదు.

పాలు, నీరు ఆపితే విరేచనం ఆగుతుందన్న అపోహ మన ఇళ్ళలో ఇంకా ఉంది. విరేచనం ఆగదు సరికదా, బయటికి పోయిన నీరు, లవణాలు తిరిగి చేరక బిడ్డ క్షీణిస్తుంది. తల్లిపాలు మరింత తరచుగా పట్టాలి. దానితోపాటు ఓఆర్ఎస్ ఇవ్వాలి. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు అన్న అంచనా పనికిరాదు, ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. విరేచనాలు ఆగినా, వైద్యుడు చెప్పిన మోతాదులో జింక్ మాత్రను 14 రోజులు వేయాలి.

ఈ ఉప్పు, చక్కెర నీటిని చిన్నచూపు చూసేవారున్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీనినే తాగించి వేలమందిని కాపాడారు.

తేనె గురించి కూడా చెప్పాలి. అందులో స్వస్థత ఉందని సూరా నహ్ల్ తెలుపుతోంది, మన విశ్వాసమూ అదే. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి లేత పేగుల్లో పెరిగి విషాన్ని పుట్టించి, కండరాలను చచ్చుబడేలా చేయవచ్చు. ఔషధాన్ని వయసెరిగి వాడడం విశ్వాసలోపం కాదు.

దమ్ కోసం ఇప్పటికీ తల్లులు వస్తూనే ఉన్నారు. నేను మొదట “బిడ్డ మూత్రం పోసి ఎంతసేపయింది?” అని అడుగుతున్నాను. ఖాయిదా పుస్తకాల అలమారలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచాను. ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చినవి. కలిపి మొదటి చెంచా అక్కడే తాగించాక దుఆ చదువుతాను.