దీపం వెలిగించి రాసుకున్న మాటలు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల తల్లిదండ్రులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: “మౌలానా సాబ్! మా అబ్బాయి పాఠం తడుముకోకుండా అప్పజెబుతాడు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం కలం కదలదు. సృజనశక్తి నేర్పే తరగతులు ఎక్కడైనా ఉన్నాయా?” తరగతుల సంగతి అటుంచి, మన పూర్వ విద్వాంసుల దినచర్యను పరిశీలిస్తే పైసా ఖర్చులేని అలవాట్లు కానవస్తాయి.

సృజన అనే మాట వినగానే కొందరు పెద్దలు సందేహిస్తారు. శూన్యం నుంచి సృష్టించేవాడు అల్లాహ్ ఒక్కడే కదా అంటారు. ముమ్మాటికీ నిజం. ఆయన ప్రసాదించిన వాటిని గమనించి, కొత్తగా జతపరచడం వరకే మానవుని పని. అందుకే గమనించే అలవాటు లేనివానికి ఈ శక్తి అలవడదు.

8వ శతాబ్దంలో బస్రా నగరంలో నివసించిన ఖలీల్ బిన్ అహ్మద్ (రహ్మ) అరబీ ఛందశ్శాస్త్రానికి ఆద్యుడు. రాగిపాత్రలు చేసేవారి బజారులో నడుస్తుండగా సుత్తిదెబ్బల లయ విని ఆయనకు ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. ఆ బజారులో ఎందరు నడిచి ఉంటారో! ఆ చప్పుడును ఆలకించినవాడు ఆయన. మేడ్చల్ రహదారి వెంట వెల్డింగ్ దుకాణాల్లో సుత్తులు నేటికీ మోగుతున్నాయి. అటుగా వెళ్లే మన కుర్రవాని చెవుల్లో మాత్రం ఇయర్‌ఫోన్లు ఉన్నాయి.

ఆలోచన తట్టడం ఒక ఎత్తు, దాన్ని జారిపోనివ్వకపోవడం మరొక ఎత్తు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఒకే రాత్రిలో 15 నుంచి 20 సార్లు లేచి, చెకుముకి రాపాడి దీపం వెలిగించి, హదీసుల విషయమై స్ఫురించినది గుర్తుపెట్టుకొని మళ్లీ పడుకునేవారని ఆయన లేఖకుడు తెలిపాడు. మనం మీట నొక్కితే వెలుగు వస్తుంది. అయినా “పొద్దున రాద్దాంలే” అంటాము. పొద్దుటికి ఆ మాట మిగలదు.

కంఠస్థం చేసేవానికి కాగితం అవసరమా అని హిఫ్జ్ విద్యార్థులు అడగవచ్చు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) దైవప్రవక్త (స) అనుమతితోనే ఆయన పలుకులను రాసుకునేవారు. హజ్రత్ అబూహురైరా (రజి) వద్ద విన్న హదీసులను హమ్మామ్ బిన్ మునబ్బిహ్ (రహ్మ) చిన్న పుస్తకంగా రాసి ఉంచారు. అందులో 138 హదీసులు ఉన్నాయి. శతాబ్దాల తర్వాత దాని ప్రతులను డమాస్కస్, బెర్లిన్ గ్రంథాలయాల నుంచి వెలికితీసి ప్రచురించినవారు మన హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002). శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో పనిచేసేవారిని అడిగి చూడండి. ప్రయోగశాలలో ఏ పూట ఏమి చేసినా, ఫలించినా ఫలించకపోయినా, తేదీ వేసి రాయవలసిందే. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇంటికి రాగానే ఆ అలవాటును గుమ్మం బయట వదిలేస్తున్నారు.

ఇక సమయం. తన సమాజానికి ఉదయవేళల్లో శుభం కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఫజ్ర్ నమాజు తర్వాతి అరగంట మనసు తేటగా ఉండే వేళ. సలాం తిప్పిన వెంటనే ఫోన్ తెరిస్తే ఆ అరగంట ఊరివాళ్ల మాటలతో నిండిపోతుంది. శామీర్‌పేట చెరువు కట్ట దాకా నడవగలవారు నడవండి, ఫోన్ ఇంట్లో ఉంచి. వెళ్లలేనివారికి మిద్దె చాలు.

సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మనవి. ఎక్కువ ఆలోచనలు తట్టేది మీకే, అదీ చేతులు పిండిలో ఉన్నప్పుడు. కుట్టుపనిలో కొత్త అల్లిక కావచ్చు, పిల్లలకు చెప్పే కథ కావచ్చు, ఇంటి ఖర్చు తగ్గించే ఉపాయం కావచ్చు. బియ్యం డబ్బా పక్కన పదిరూపాయల నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు ఉంచుకోండి. అందులో రాసినదాన్ని జుమా రోజున పిల్లలకు చదివి వినిపించండి. వారు తమ మాట కూడా రాయమంటారు. రాయనివ్వండి, అక్షరదోషాలు ఆ రోజుకు దిద్దకండి.